కువైట్‌లో పక్కింటి తలుపు తట్టడం గురించి

మీ ప్రశ్న చదివాను. వచ్చే నెల కడప నుంచి కువైట్ వెళ్తున్నారు, పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు నాలుగు. ఆయన పొద్దున డ్యూటీకి పోతే రాత్రికి గానీ రారు, అక్కడ వేరే కుటుంబాలతో స్నేహం ఎలా కలుస్తుందని అడిగారు. మేము 2012 నుంచి 2019 దాకా కువైట్‌లోని సాల్మియా ప్రాంతంలో ఉన్నాం. పోయేటప్పుడు మా పాపకు ఆరేళ్లు, బాబుకు మూడు. ఇప్పుడు కడపలోనే, ఎర్రముక్కపల్లిలో ఉంటున్నాం.

"కువైట్‌లో సగం కడపే ఉంది, మీకేం దిగులు" అని మీ చుట్టాలు ఈపాటికి చెప్పే ఉంటారు. నాకూ చెప్పారు. మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్న మాట నిజమే. కానీ ఎక్కువ మంది ఒంటరిగా వచ్చినవాళ్లు. డ్రైవర్లుగా, ఇళ్లల్లో వంటకు, పనికి వచ్చి కుటుంబాన్ని ఊళ్లోనే వదిలిపెట్టినవాళ్లు. మేము వెళ్లినప్పుడు 250 దినార్ల జీతం ఉంటే భార్యాపిల్లల్ని తెచ్చుకునే వీలుండేది. 2024లో దాన్ని 800 చేశారు. ఇంక మన జిల్లావాళ్లలో ఎంతమంది తెచ్చుకోగలరో మీరే లెక్కేసుకోండి. అందుకని మీ ఊరి కుటుంబం కోసమే వెతుక్కుంటూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. నాకు మూడు నెలలు గడిచిపోయాయి.

నా మొదటి స్నేహం పెరుగు దగ్గర మొదలైంది. ఏసీ ఇంట్లో పాలు సరిగ్గా తోడుకునేవి కావు. నీళ్లు నీళ్లుగా ఉండేది, బాబు తినేవాడు కాదు. ఒకరోజు ఉన్న కాస్త తోడు కూడా పాడైపోయింది. కింద బకాలాకు, అంటే చిల్లర కొట్టుకు పోయి పెరుగు డబ్బా తెచ్చుకోవచ్చు. కానీ ఆరోజు ఎందుకో గిన్నె పట్టుకుని నాలుగో అంతస్తుకు పోయి కేరళవాళ్ల తలుపు తట్టాను. లిఫ్టులో రెండు మూడుసార్లు నవ్వుకున్న పరిచయం, అంతే. ఆమె చెంచాడు తోడు ఇచ్చింది, గిన్నెను ఓవెన్ లోపల పెట్టి లైటు మాత్రం వేసి వదిలేయమని చెప్పింది. ఓవెన్ వెలిగించొద్దు, ఆ బల్బు వేడి చాలు అంది. పొద్దున చూస్తే పెరుగు కత్తితో కోయొచ్చు అన్నంత గట్టిగా ఉంది. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు చెనిక్కాయల పొడి పెట్టి ఇచ్చాను. వాళ్ల పాపదీ మా పాప వయసే. మన ఊళ్లో చేసే పనే ఇది, కొత్తేం కాదు. విదేశానికి పోయేసరికి మొహమాటం వచ్చి, ఏదీ అడక్కుండా బతకడమే మర్యాద అనుకుంటాం.

పెద్ద ఎత్తున పిలిచి స్నేహితులను చేసుకుందామని చూశాను, అది బెడిసికొట్టింది. పాప పుట్టినరోజుకు క్లాసులో పిల్లలందరినీ పిలిచాం. సెలవు కదా అని శుక్రవారం పదకొండు గంటలకు పెట్టాం. వచ్చింది ఇద్దరు. ఇరవై మందికి కేకు, పులిహోర, వడలు చేసి పెట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత తెలిసింది, అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు కాబట్టి చర్చిల్లో కూడా శుక్రవారమే ప్రార్థనలు. కేరళ క్రైస్తవులంతా చర్చిలో, ముస్లింలు జుమ్మా నమాజులో ఉన్నారు. తప్పు ఎవరిదీ కాదు, మాది తప్ప. ఎవరినైనా పిలిస్తే శుక్రవారం సాయంత్రమో, శనివారమో పిలవండి.

ఇంకోటి, కాలం చూసుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా బడులకు సెలవులు, కుటుంబాలు సొంతూళ్లకు పోతాయి, బయట యాభై డిగ్రీల దాకా ఎండ. మన కడప ఎండ దాని ముందు నయం. ఆ నెలల్లో ఎవరూ కలవడం లేదని ఏడవకండి. పరిచయాలన్నీ అక్టోబరు తర్వాతే. మేము రోజూ సాయంత్రం ఐదున్నరకు ఒకే పార్కుకు, ఒకే ఊయల దగ్గరికి పోయేవాళ్లం. రోజూ కనిపించే ముఖాన్ని జనం వారంలో పలకరిస్తారు. రోజుకో చోటికి పోతే ఎవరూ గుర్తుపట్టరు. మగవాళ్ల సంగతి తేలిక, సెలవు పొద్దున క్రికెట్‌కు పంపండి, వాళ్లే కలుస్తారు.

భాష గురించి టెన్షన్ వద్దు. మా ఎదురింటి ఈజిప్టు ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు అరబ్బీ రాదు. బస్‌బూసా అని రవ్వతో చేసే తీపి ఇచ్చేది, మన రవ్వ కేసరి ముక్కలు కోసి పాకంలో నానబెట్టినట్టు ఉంటుంది. రంజాన్ నెల సగానికి వచ్చినప్పుడు గిర్గియాన్ అని పిల్లలు సంచులు మెడలో వేసుకుని ఇంటింటికీ పోయి మిఠాయిలు, గింజలు అడుగుతారు. ఆవిడే మా పిల్లలిద్దరికీ సంచులు కుట్టి తీసుకుపోయింది. ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టే ఊరి నుంచి పోయినదాన్ని, నాకేం వింతగా అనిపించలేదు. మా అత్తకు ఫోన్లో చెప్తే "మన పిల్లలు అడుక్కోవడమేంది" అని నవ్వింది.

ఒక మాట చెప్పాలా వద్దా అనుకున్నాను. కుటుంబాలతో ఉన్న మనవాళ్లు కొందరు ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లను పలకరించరు. నాకు అది నచ్చలేదు. రాయచోటి వైపు నుంచి వచ్చి ఒక కువైటీ ఇంట్లో వంట చేసే అక్క, సెలవు దొరికిన శుక్రవారాల్లో మా ఇంటికి వచ్చేది. తన పిల్లల్ని ఊళ్లో వాళ్లమ్మ దగ్గర వదిలి వచ్చింది. మా బాబుకు రాగి సంగటి ముద్దలు చేసి పెట్టేది. నాకు జ్వరం వచ్చినప్పుడు ఇల్లు చూసుకున్నది ఆ అక్కే, పార్టీలకు పిలుచుకునే వాళ్లెవరూ కాదు.

ఇక పిల్లల దగ్గర దాచకూడనిది ఒకటుంది. అక్కడి కుటుంబాలు ఉన్నట్టుండి వెళ్లిపోతాయి. 2017లో ఆ కేరళవాళ్లు కెనడా వెళ్లారు. ముందే చెబితే పాప ఏడుస్తుందని చివరి వారం దాకా దాచాను. అది నేను చేసిన పెద్ద తప్పు. వాళ్లు పోయాక కూడా చాలా రోజులు లిఫ్టులో అలవాటుగా నాలుగో నంబరు నొక్కి, మళ్లీ మా అంతస్తు నొక్కేది. నెల తర్వాత ఆ ఫ్లాట్‌లోకి సామాను దిగుతుంటే చూసి, నాకు చెప్పకుండానే పైకి పోయి తలుపు తట్టింది. "మీ ఇంట్లో పిల్లలున్నారా?" అని అడిగి వచ్చింది. ఉన్నారట, ఇద్దరు.