చిక్కటి పుట్టగొడుగుల కూర: అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

విజయనగరం

అమ్మలూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. గిన్నెలో నీళ్ళు ఒక పక్క, తెల్లటి పలుకులు ఒక పక్క కనిపిస్తున్నాయి. క్రీమ్ ప్యాకెట్ మొత్తం పోసినా కూర చిక్కగా ఎందుకు రాలేదని అడిగావు. ఆదివారం మీ అత్తగారు, మావగారు నరసన్నపేట నుంచి శ్రీకాకుళం వస్తున్నారని టెన్షన్ పడుతున్నావు కూడా. క్రీమ్ తక్కువై కాదు తల్లీ. పుట్టగొడుగులో నీళ్ళు పోకముందే క్రీమ్ పోశావు, అదీ కూర కుతకుతలాడుతుండగా పోశావు. ఈ కూరకి చిక్కదనం జీడిపప్పు ఇవ్వాలి, రుచి పుట్టగొడుగుని వేయించడంలో రావాలి. క్రీమ్ చివర్లో రెండు మూడు చెంచాలు చాలు. అది కూడా లేకపోయినా కూర బాగానే ఉంటుంది.

నలుగురికి బటన్ పుట్టగొడుగులు 200 గ్రాముల ప్యాకెట్లు రెండు తెచ్చుకో. చూసి తీసుకో. గొడుగు కింద అంచు కాడకి అతుక్కుని మూసుకుని ఉండాలి. అది విచ్చుకుని లోపలి గోధుమరంగు రేకులు కనిపిస్తున్నాయంటే కోసి చాలా రోజులైందన్నమాట. ప్యాకెట్ లోపల నీటి చుక్కలు పట్టినా, వేలితో నొక్కితే జిగురుగా తగిలినా వద్దు. శనివారం సాయంత్రం కొని, కవర్లోంచి తీసి కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. ప్లాస్టిక్ కవర్లో అలాగే ఉంచితే చెమ్మకి జిగురు పడతాయి.

కడగడంలో అందరూ భయపడి గంటసేపు ఉప్పునీళ్ళలో నానబెడతారు. నువ్వలా చెయ్యకు. వండేముందు ధారగా పడే నీళ్ళ కింద చేత్తో గబగబా రుద్ది, వెంటనే పొడి గుడ్డ మీద పరిచి తుడిచెయ్. కాడ చివర మట్టి అంటిన చోట కొంచెం కోసేస్తే చాలు, కాడంతా పారెయ్యక్కర్లేదు. చిన్నవాటిని రెండు ముక్కలు, పెద్దవాటిని నాలుగు ముక్కలు చెయ్. వేగాక సగానికి సగం చిక్కిపోతాయి కాబట్టి పల్చగా తరక్కు.

ఇప్పుడు అసలు పని. పుట్టగొడుగులో నూటికి తొంభై పాళ్ళకి పైగా నీళ్ళే. నువ్వు తెచ్చే 400 గ్రాముల్లో సుమారు 370 గ్రాములు నీళ్ళన్నమాట. వాటిని నేరుగా గ్రేవీలో వేస్తే ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయి? నీ గిన్నెలో కనిపించినవి అవే. అందుకని ఇంట్లో ఉన్న అన్నిటికన్నా వెడల్పాటి మూకుడు తీసుకో. మంట పెద్దగా పెట్టి, చెంచాడు నూనె వేసి, బాగా కాగాక ముక్కల్లో సగమే వెయ్. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే మూకుడు చల్లబడి, అవి వేగడం మానేసి ఉడుకుతాయి. ఉప్పు వెయ్యకు, మూత పెట్టకు.

వెయ్యగానే చుయ్ మంటుంది. రెండు నిమిషాల్లో ఆ చప్పుడు తగ్గిపోయి, ముక్కల చుట్టూ బూడిదరంగు నీళ్ళు ఊరతాయి. కొత్తగా వండేవాళ్ళు ఇక్కడే కంగారుపడి మంట తగ్గిస్తారు, లేదా ఆ నీళ్ళు వంపేస్తారు. వంపకు. పుట్టగొడుగు రుచంతా ఆ నీళ్ళలోనే ఉంది. మంట అలాగే ఉంచి నీళ్ళు మొత్తం ఇగిరిపోనీ. మొదట విన్న చప్పుడే మళ్ళీ మొదలవుతుంది, ఈసారి కొంచెం గట్టిగా. అప్పుడు ముక్కలు కదపకుండా ఒక నిమిషం వదిలెయ్. అడుగు వైపు తిప్పి చూస్తే అంచులు ఎర్రబడి, వేయించిన వాసన వస్తుంది. అప్పుడు చిటికెడు ఉప్పు చల్లి పళ్ళెంలోకి తీసి, రెండో సగం వెయ్. మొత్తం పావుగంట పని. ఈ పావుగంటా స్టవ్ దగ్గరే ఉండు, ఫోన్ పక్కన పెట్టు.

ఎక్కువ వేగితే గట్టిపడతాయేమోనని భయం వద్దు. పనీర్ ఎక్కువసేపు మంట మీద ఉంటే రబ్బరులా సాగుతుంది గానీ పుట్టగొడుగు అలా పాడవదు. దాని కణాల గోడల్లో ఉండే కైటిన్ అనే పదార్థం వేడికి కరగదు, అందుకే ఎంతసేపు ఉడికించినా మెత్తబడి ముద్దవదు. నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా ఓర్పున్న కూరగాయ లేదు.

జీడిపప్పు సంగతి. పలాస, కాశీబుగ్గ మన పక్కనే ఉండగా గ్రేవీ కోసం గుండుపప్పు కొనడం నాకు నచ్చదు. కొట్లో 240, 320 అని నంబర్లు చెబుతారే, అది ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర పెద్దది. రుబ్బేదానికి పరిమాణంతో పనేముంది? బద్దలో ముక్కలో తెచ్చుకో, రుచి ఒకటే. కొనేముందు ఒక ముక్క నోట్లో వేసుకుని చూడు, పాత నూనె వాసన తగిలితే తీసుకోకు. ఆ వాసన ఏ మసాలా వేసినా పోదు. నలుగురికి గుప్పెడు ముక్కలు, అంటే 30 నుంచి 40 గ్రాములు సరిపోతాయి. వేడినీళ్ళలో అరగంట నానబెట్టు.

ఉల్లిపాయలు రెండు సన్నగా తరిగి, నూనెలో లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించు. పచ్చి ఉల్లి రుబ్బి వేస్తే గ్రేవీలో చేదు తగులుతుంది. వేగిన ఉల్లి పూర్తిగా చల్లారాకే జీడిపప్పుతో కలిపి చిన్న జారులో రుబ్బు. వేడి మీద మిక్సీ వేస్తే మూత ఎగిరి చేతులు కాలతాయి, జాగ్రత్త. నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ, ముద్దని రెండు వేళ్ళ మధ్య రాస్తే గరుకు తగలనంతవరకు రుబ్బాలి. ఇక్కడ తొందరపడితే తినేటప్పుడు నాలుకకి రవ్వలా తగులుతుంది.

టమాటాలు మూడు, బెంగళూరువి. నాటువి పులుపెక్కువ, అవే దొరికితే రెండు చాలు. మన ఇళ్ళల్లో చెయ్యి చింతపండు వైపు దానంతటదే పోతుంది గానీ ఈ కూరకి వద్దు. పులుపు ఎక్కువనిపిస్తే చిటికెడు బెల్లం వెయ్, మన వైపు వాళ్ళ నోటికి అది బాగానే ఉంటుంది. మూకుట్లో చెంచాడు నూనె, చెంచాడు వెన్న వేసి బిర్యానీ ఆకు, ఒక యాలక్కాయ, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క వెయ్. వాసన రాగానే అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, చీల్చిన పచ్చిమిర్చి రెండు. మంట తగ్గించి పావు చెంచా పసుపు, చెంచాడు కాశ్మీరీ కారం, అర చెంచా మామూలు కారం, చెంచాన్నర ధనియాల పొడి, అర చెంచా జీలకర్ర పొడి వేసి, అవి మాడకముందే రుబ్బిన టమాటా పొయ్యి. నూనె అంచుల దగ్గర తేలేదాకా మగ్గనివ్వు. పచ్చి టమాటా వాసన పోకపోతే తర్వాత ఏం చేసినా పోదు.

అప్పుడు జీడిపప్పు ముద్ద, గ్లాసుడు వేడినీళ్ళు పోసి, మంట బాగా తగ్గించి అడుగంటకుండా కలుపుతూ ఉండు. జీడిపప్పులో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి వేడెక్కేకొద్దీ చిక్కబడుతుంది, క్షణం ఏమరితే అడుగు పడుతుంది. బుడగలు పైకి లేచి చింది చేతి మీద పడతాయి, పొడుగు గరిట వాడు. ఇడ్లీ పిండి కన్నా కొంచెం జారుగా ఉన్నప్పుడు ఉప్పు సరిచూసి, వేయించిన పుట్టగొడుగులు, పళ్ళెంలో ఊరిన రసంతో సహా కలిపెయ్. ఐదు నిమిషాలు చాలు. అర చెంచా గరం మసాలా, చెంచాడు కసూరీ మేథీ అరచేతుల మధ్య నలిపి వెయ్. గరం మసాలా ఇంకొంచెం వేద్దామనిపిస్తుంది, వెయ్యకు, పుట్టగొడుగు వాసనని మింగేస్తుంది.

స్టవ్ ఆపెయ్. రెండు నిమిషాలు ఆగి అప్పుడు క్రీమ్ కలుపు. పులుపూ, పెద్ద వేడీ కలిస్తే పాలలోని మాంసకృత్తులు ముద్దకట్టి విరుగుతాయి. నీకు పైన తేలిన తెల్లటి పలుకులు అవే. క్రీమ్‌లో వెన్న శాతం ఎక్కువ కాబట్టి కొంత తట్టుకుంటుంది, పాలు అంత తట్టుకోవు. ఇంట్లో మీగడ వాడితే ఈరోజుదే వాడు, నాలుగు రోజులు పోగేసింది పుల్లబడి ఉంటుంది. మిక్సీలో ఒక్కసారి గిర్రున తిప్పి ఆపెయ్యాలి. ఇంకొంచెం తిప్పితే వెన్న విడిపోతుంది.

నీకు ఇంకొకటి గట్టిగా చెప్పాలి. వానాకాలంలో పుట్టల దగ్గర మొలిచేవి మనవైపు ఇష్టంగా తింటారు. ఏజెన్సీ సంతలకి తెచ్చి అమ్మేవాళ్ళకి ఏది తినేదో, ఏది కాదో తరతరాలుగా తెలుసు. నీకు, నాకు తెలియదు. పెరట్లో మొలిచిందని, ఎవరో కోసి ఇచ్చారని వండకు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదనీ, పసుపు వేసి ఉడికిస్తే విషం పోతుందనీ చెబుతారు. రెండూ నిజం కాదు. కొన్ని రకాల విషం ఎంత ఉడికించినా పోదు, పైగా వాంతులు ఆరు గంటలు దాటాక గానీ మొదలవ్వవు. అప్పటికే కాలేయానికి దెబ్బ తగిలి ఉండొచ్చు. అలాంటిదేమైనా జరిగితే మజ్జిగ తాగించి చూద్దామని కూర్చోకూడదు, మిగిలిన పుట్టగొడుగు కూడా పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాలి.

బటన్ రకం దొరకకపోతే వరిగడ్డి మీద పెంచే ముత్యపు చిప్ప రకం, అదే ఆయిస్టర్ అంటారే, అది తెచ్చుకో. దాన్ని కత్తితో కొయ్యకుండా రేకుల వెంట చేత్తో చీల్చు. తొందరగా వేగుతుంది, మిగతాదంతా ఒకటే.

పుల్కాలకైతే ఈ చిక్కదనం సరిపోతుంది. మీ మావగారు అన్నంలోకి అడుగుతారు కాబట్టి ఒక గిన్నెలో వేడినీళ్ళు కలిపి కొంచెం జారుగా ఉంచు. చల్లారాక ఎలాగూ గట్టిపడుతుంది. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినెయ్యండి. వేడి చేసేటప్పుడు సన్న మంట మీద, కాసిని వేడినీళ్ళు పోసి వెచ్చబెట్టు, మరగనివ్వకు.

మీ అత్తగారు అసలు పుట్టగొడుగు తింటారా? కార్తీక మాసంలో నీచు మానేసిన చాలా ఇళ్ళల్లో ఇదే వండుకుంటారు గానీ, దీన్నే నీచు కింద లెక్కేసే పెద్దవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ముందు గిన్నె పెట్టి అప్పుడు అడగడం బాగోదు, శనివారం లోపు మీ ఆయన చేత ఫోన్ చేయించి కనుక్కో. తినరంటే కొంత గ్రేవీ ముందే వేరే గిన్నెలోకి తీసి, ఉడికించిన బఠాణీలు, ఆలూ వేసెయ్. ఉల్లి, వెల్లుల్లి కూడా తినకపోతే ఆ రెండూ మానేసి జీడిపప్పు ఇంకో గుప్పెడు, అల్లం ఇంకొంచెం పెంచు. ఏ సంగతో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఉంటాను,
మీ పెద్దమ్మ