నలుపెంతో కొలిచి చెప్పమ్మా

మహారాణిపేట,
విశాఖపట్నం

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

చర్మం సెక్షన్లలో, అంటే పలుచటి కోతల్లో, కణాల న్యూక్లియస్‌ల ముదురుదనాన్ని మైక్రోస్కోప్ మీద కాంతి కొలిచి లెక్కగడతానన్నావు. విన్నప్పట్నుంచి మనసు నిండుగా ఉంది. "కొంచెం ముదురు", "బాగా ముదురు" అని రాస్తూనే నా సర్వీసంతా గడిచింది. ఒకే స్లైడ్‌ను పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా రాసిన రోజులున్నాయి. చుట్టూ లేత రంగుంటే మధ్యలో న్యూక్లియస్ ఉన్నదానికంటే ముదురుగా ఆనుతుంది. మన కన్ను తీరే అంత.

ముందు స్టెయిన్, అదే కణాలకు వేసే రంగు, దాని సంగతి చూడు. రోజూ వాడే హెమటాక్సిలిన్ డీఎన్ఏ మోతాదును బట్టి అంటదు. 1924 నాటి ఫ్యుల్జెన్ పద్ధతి అంటుతుంది. యాసిడ్‌లో ఉంచే సమయం మాత్రం అన్ని స్లైడ్లకూ ఒక్కటే ఉండాలి. అదే సెక్షన్‌లోని లింఫోసైట్‌లను, ఆ తెల్ల రక్తకణాలను, పోలికకు పెట్టుకో. నాలుగైదు మైక్రాన్ల మందంలో చాలా న్యూక్లియస్‌లు తెగిపోయి ఉంటాయి, ఒక్క కణం అంకె చూసి మాటివ్వకు. మన చర్మంలో అడుగు పొర నిండా మెలనిన్ అనే నల్ల రంగు, అదీ కాంతిని మింగుతుంది. దాని వాటా ఎంతో తెలియడానికి స్టెయిన్ వేయని పక్క సెక్షన్‌నూ కొలువు.

ఇప్పుడు అసలు చిక్కు. ముదురుదనాన్ని చెప్పే అంకె డెన్సిటీ. పడ్డ కాంతిలో 10 శాతం బయటికొస్తే డెన్సిటీ 1, 1 శాతమే వస్తే 2. నువ్వు కొలిచే చోట సగం ఖాళీ, సగం ఆ 1 శాతం ముదురు అనుకో. కాంతినంతా కలిపి సగటు తీస్తే 50.5 శాతం, అంటే డెన్సిటీ 0.3. చుక్కచుక్క డెన్సిటీనీ విడిగా కొలిచి సగటు తీస్తే 1. స్లైడ్ అదే, జవాబు మూడింతలు తేడా! అందుకే చిన్న చుక్కలుగానే కొలవాలి, ముందు లాగరిథమ్ తీసి డెన్సిటీ, తర్వాతే సగటు.

దీపం వెలిగించాక అరగంట ఆగు. నేను ఆగక వారం రోజుల కొలతలు పారబోసుకున్నాను, ఇప్పటికీ బాధే. కొలుస్తున్నంతసేపు వోల్టేజి ముట్టుకోకు, హాలోజెన్ రంగే మారిపోతుంది. కెమెరాలో ఆటోమేటిక్ సర్దుబాట్లన్నీ ఆపెయ్. మన సముద్రపు తేమకు లెన్సుల మీద బూజు పడుతుంది, ఆ పొర కాంతిని చెదరగొట్టి ముదురును లేతగా చూపిస్తుంది. డబ్బాలో నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరగ్గానే వేయించి పెట్టు.

ఆదివారం వచ్చేటప్పుడు స్లైడ్‌లో కణాల్లేని ఖాళీ చోట పది రీడింగులు రాసుకురా. పదీ దగ్గరదగ్గరగా ఉంటే అప్పుడు కణాల జోలికి వెళ్దాం.

మీ పెద్దమ్మ