సర్వర్లకు క్రోనీ వెయ్యబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులో ఉబుంటు 24.04 సర్వర్లు నీ చేతికొచ్చాయని, వాటి లాగుల్లో (మెషీన్ రాసుకునే రికార్డుల్లో) టైములకు పొంతన లేదని రాశావు. క్రోనీ వెయ్యి, అది నెట్‌వర్క్‌లోని టైము సర్వర్లను అడిగి మెషీన్ గడియారాన్ని దిద్దే ప్రోగ్రామ్. వెయ్యడం నిమిషం పని. అది నిజంగా టైము దిద్దుతోందో లేదో చూసుకోవడమే అసలు పని.

ముందు టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్ కొట్టి చూడు, మెషీన్ టైమూ టైమ్‌జోనూ చూపిస్తుంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలుంటే చాలావరకు అది టైమ్‌జోన్ గొడవే. ఒక మెషీన్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైములో), ఇంకోటి ఏషియా కోల్‌కతాలో ఉండి ఉంటాయి. అన్నిటికీ ఒకటే పెట్టు.

తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ క్రోనీ'. అప్పటిదాకా టైము దిద్దుతున్న సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ అనే ప్రోగ్రామ్ దానంతటదే తొలగిపోతుంది, కంగారుపడకు. ఒకే గడియారాన్ని ఇద్దరు తిప్పకూడదు.

ఈటీసీలో క్రోనీ ఫోల్డర్ కింద క్రోనీ డాట్ కాన్ఫ్ ఉంటుంది. అందులో టైము అడగాల్సిన సర్వర్లు రాసేటప్పుడు రెండిటితో ఆపకు. రెండూ రెండు రకాలుగా చెబితే తప్పెవరిదో క్రోనీకి తెలియదు. నాలుగు పెట్టు, ప్రతి లైను చివర ఐబర్స్ట్ అని చేర్చు, మొదటి సింక్ త్వరగా అవుతుంది. మన దేశంలో ఎన్‌ఐసీ (ప్రభుత్వ ఐటీ సంస్థ), ఢిల్లీ ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైము సర్వర్లున్నాయి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో చెప్పినవీ ఇవే, కాబట్టి మీ ఆడిట్ వాళ్లు అడుగుతారు.

'మేక్‌స్టెప్ 1 3' లైను తీసెయ్యకు. తేడా సెకను దాటితే మొదటి మూడు అప్‌డేట్లలో మాత్రమే గడియారాన్ని ఒక్క దూకుడుతో సరిచేస్తుంది. ఆ తర్వాత మెల్లగా జరుపుతుందే తప్ప దూకదు. నడుస్తున్న డేటాబేస్ కింద టైము వెనక్కి దూకితే రికార్డుల వరస చెడుతుంది, అందుకే ఈ జాగ్రత్త. అదే కారణంగా, తేడా పెద్దగా ఉన్న మెషీన్లో డేటాబేస్ ఆపాకే క్రోనీ రీస్టార్ట్ చెయ్యి.

ఇప్పుడు 'క్రోనీసీ సోర్సెస్' కొట్టు, నువ్వు రాసిన టైము సర్వర్ల జాబితా వస్తుంది. ఒక సర్వర్ పేరు ముందు టోపీ గుర్తు (^) పక్కన నక్షత్రం కనిపించాలి. దాన్నే అనుసరిస్తోందని అర్థం. ప్రశ్నార్థకం ఉంటే ఇంకా కుదరలేదు, ఎక్స్ ఉంటే ఆ సర్వర్ మాట మిగతావాటితో కలవడం లేదు. రీచ్ కాలమ్‌ను కాసేపు గమనించు: 1, 3, 7, 17 అంటూ 377కి చేరాలి. అది ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా రాసే) లెక్క, చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చిందన్నమాట. ఎంతసేపటికీ 0 దగ్గరే ఉంటే ముందు అనుమానించాల్సింది ఫైర్‌వాల్‌నే. టైము ప్రశ్నలు వెళ్లే యూడీపీ 123 పోర్టును బయటకు తెరవమని నెట్‌వర్క్ టీమ్‌ను అడుగు. వాళ్లు కుదరదంటే ఆఫీసు లోపలి ఎన్‌టీపీ (టైము చెప్పే) సర్వర్ అడ్రసు తీసుకుని అదే రాయి.

డాకర్ కంటైనర్లలో క్రోనీ వెయ్యనక్కర్లేదు, వాటికి హోస్ట్ (అవి నడుస్తున్న మెషీన్) గడియారమే ఆధారం. ఆపి మళ్లీ ఆన్ చేసిన ప్రతిసారీ ఏదైనా పాత మెషీన్ ఏళ్ల కిందటి తేదీ చూపిస్తే మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ మార్పించు.

ఇట్లు,
మీ బాబాయి