మోకా పరీక్షలో 27, వీఆర్ వంటింట్లో ఫెయిల్: ముందు కంట్రోలర్ సంగతి చూడండి

జ్ఞాపకశక్తి, ఆలోచన చూసే మోకా పరీక్షలో 30కి 27 తెచ్చుకుని, ఇంట్లో రోజూ టీ పెట్టుకునే పెద్దావిడ మీ వీఆర్ వంటింట్లో (హెడ్‌సెట్ పెట్టుకుని చేసే వంట పరీక్షలో) స్టవ్ దగ్గరే ఆగిపోయారంటే, మొదట అనుమానించాల్సింది మతిమరుపుని కాదండీ, చేతిలోని కంట్రోలర్‌ని. ఏ బటన్ నొక్కాలో తెలియక గిన్నె జారినా సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పు కిందే లెక్కేస్తుంది.

1. స్కోరింగ్‌కి ముందు విడిగా ప్రాక్టీస్ సీన్ పెట్టండి. అందరూ దాటేసేది ఇదే. వంటిల్లు వద్దు, పరీక్ష ముందే చూపించేసినట్టవుతుంది. ఖాళీ గది, ఒక బల్ల, రెండు డబ్బాలు చాలు. పట్టుకోవడం, పెట్టడం, తలుపు తీయడం. "అయిదు నిమిషాలు" అని గడియారం పెట్టకండి. మీ సాయం లేకుండా వరసగా మూడుసార్లు చేసేదాకా ఆగండి. అందుకు పట్టిన సమయం వేరుగా రాసుకోండి.

2. కళ్లజోడు తీయించకండి. క్వెస్ట్ 2 హెడ్‌సెట్ అయితే కళ్లజోడుకి చోటిచ్చే స్పేసర్ పెట్టెలోనే వస్తుంది. లెన్సుల దూరం (58, 63, 68 మి.మీ.) మనిషి మారినప్పుడల్లా సరిచేయండి.

3. కూర్చోబెట్టే చేయించండి. జాయ్‌స్టిక్‌తో సీన్‌లో నడిచే పద్ధతి ఆపేయండి. కళ్లు తిరుగుతున్నాయంటే అక్కడితో ఆపేయాలి, ఆ స్కోరు వాడొద్దు.

4. తప్పుల్ని రెండుగా విడదీయండి: పట్టు తప్పినవి, వరస తప్పినవి. నీళ్లు పోయకుండా స్టవ్ వెలిగించడం రెండో రకం. మీకు కావాల్సింది అదే.

అప్పటికీ రెండు పరీక్షలకీ పొంతన లేకపోతే, రోజువారీ పనులు సొంతంగా చేసుకుంటున్నారా అని చూసే లాటన్ స్కేల్ ప్రశ్నలు ఇంట్లోవాళ్లని అడగండి: ఫోను, మందులు, డబ్బు లెక్కలు. హెడ్‌సెట్ అసలు పడనివాళ్లకి ట్యాబ్ మీద నడిచే వీఆర్‌ఎఫ్‌క్యాట్ (రోజువారీ పనుల పరీక్ష) లాంటిది చూడొచ్చు.