ఫస్ట్ ఆర్డర్ పదార్థాల్లో మాగ్నెటోకెలోరిక్ ప్రభావం అంత ఎక్కువ ఎందుకు?

మాగ్నెటోకెలోరిక్ ప్రభావం అంటే అయస్కాంత క్షేత్రం పెడితే పదార్థం వేడెక్కడం, తీస్తే చల్లబడటం. మీరు అడిగింది ఇది: గాడోలినియం అనే లోహంలోనూ, దానికి సిలికాన్, జర్మేనియం కలిపిన మిశ్రమంలోనూ అయస్కాంతత్వం పోవడమే కదా జరిగేది, మరి రెండోదాంట్లో ఎంట్రపీ (అస్తవ్యస్తత కొలత) మార్పు అంత ఎక్కువ ఎలా వస్తుంది?

అనంతపురంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా ల్యాబ్‌లో ఒక గాడోలినియం ముక్క ఉండేది. దాని క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత, దాదాపు 20 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో మామూలు అయస్కాంతం దాన్ని సరిగా పట్టేది కాదు. ఐసు నీళ్లలో ముంచి తీస్తే టక్కున అతుక్కునేది. అక్కడ మారేది స్పిన్‌ల (పరమాణువుల్లోని చిట్టి అయస్కాంతాల) వరుస మాత్రమే, అదీ క్రమంగా. స్ఫటికం షట్కోణంగానే ఉంటుంది. అదే సెకండ్ ఆర్డర్.

1997లో అమెరికాలోని ఏమ్స్ ల్యాబ్‌లో పెచార్‌స్కీ, గ్ష్‌నైడ్నర్ చూపించిన మిశ్రమం కథ వేరు. అందులో పరమాణువులు పొరలు పొరలుగా ఉంటాయి. ఆ పొరలను కలిపేవి సిలికాన్, జర్మేనియం బంధాలు. సుమారు 3 డిగ్రీలు దాటగానే వాటిలో సగం తెగిపోయి, పొరలు పక్కకు జరిగి, స్ఫటికం ఆకారమే మారిపోతుంది. స్పిన్‌ల మధ్య ఎక్స్ఛేంజ్ (వాటిని వరుసలో నిలిపే ప్రభావం) ఆ బంధాల మీదే చాలావరకు ఆధారపడి ఉంది కాబట్టి అయస్కాంతత్వం కూడా ఒక్కసారిగా కూలుతుంది. ఇదే ఫస్ట్ ఆర్డర్. క్షేత్రం పెడితే బంధాలు మళ్లీ కలుస్తాయి. అంటే స్పిన్‌ల ఎంట్రపీకి స్ఫటికం ఎంట్రపీ తోడవుతుంది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇదే. నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది కూడా ఇక్కడే: బయట నుంచి ఒక క్షేత్రం పెట్టి రసాయన బంధాన్ని కలపడం, తెంచడం!

ఆకారం మారి తీరాలనేం లేదు. లాంథనమ్-ఇనుము-సిలికాన్ పదార్థంలో స్ఫటిక సౌష్ఠవం అలాగే ఉండి, ఘనపరిమాణం మాత్రం ఒక శాతానికి పైగా మారుతుంది. హైడ్రోజన్ ఎక్కిస్తే స్ఫటికం ఉబ్బి, క్యూరీ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత దాకా పెరుగుతుంది.

దీనికి నష్టం హిస్టెరిసిస్. వేడిచేసేటప్పుడు ఒక ఉష్ణోగ్రత దగ్గర, చల్లార్చేటప్పుడు ఇంకో ఉష్ణోగ్రత దగ్గర మార్పు వస్తుంది. ఈ ప్రభావంతో నడిచే ఫ్రిజ్‌లో ఇది సెకను సెకనుకూ జరగాలి, ప్రతి చక్రంలోనూ శక్తి వృథా. అందుకే పేపర్లలో కనిపించే పెద్ద అంకెలను చూసి మోసపోకండి, క్షేత్రం పదేపదే తీసి పెట్టినా నిలిచే విలువ ఎంతో చూడండి.

మీరే కొలుస్తుంటే, ప్రతి ఐసోథెర్మ్‌కు (ఒకే ఉష్ణోగ్రత దగ్గర చేసే కొలతకు) ముందు శాంపిల్‌ను పూర్తిగా పారామాగ్నెటిక్ (స్పిన్‌ల వరుస పోయిన) స్థితిదాకా వేడిచేసి, తర్వాత క్షేత్రం లేకుండా కావాల్సిన ఉష్ణోగ్రతకు తీసుకురండి. అయస్కాంతత్వం ఉన్న, పోయిన రెండు ఫేజ్‌లూ కలిసి ఉన్నప్పుడు మాక్స్‌వెల్ సంబంధం (అయస్కాంతత్వం కొలతల నుంచి ఎంట్రపీ మార్పు లెక్కగట్టే సూత్రం) వాడితే లేని శిఖరం గ్రాఫ్‌లో కనిపిస్తుంది.