కార్ల డీటెయిలింగ్ నుంచి బోట్లకు: లేక్ లానియర్ దగ్గర నా అనుభవం

మీరు జార్జియాలో, కమింగ్‌లో ఉంటూ వీకెండ్లలో కార్ల డీటెయిలింగ్ (లోపలా బయటా శుభ్రం చేసి మెరుగుపెట్టే పని) చేస్తున్నానని, పక్కనే లేక్ లానియర్‌లో ఇన్ని బోట్లున్నాయి కాబట్టి బోట్ల పనిలోకి దిగితే ఎలా ఉంటుందని, పెట్టుబడి ఎంతవుతుందని అడిగారు. నేనూ కార్ల నుంచే ఇటు వచ్చాను. పాలిషర్ పట్టడం వచ్చినవాళ్లకి అదనపు సామాన్ల ఖర్చు వెయ్యి డాలర్లు దాటదు. చిక్కంతా రేటు చెప్పడంలోనే.

కారు రంగు పైన ఉండేది క్లియర్ కోట్ అనే పారదర్శక పొర, సుమారు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. బోటు మీద ఉండేది జెల్‌కోట్ అనే రెసిన్ పూత, దాదాపు అర మిల్లీమీటరు మందం. గట్టిగా రుద్దినా తట్టుకుంటుంది. కానీ ఎండకి పైపొర పొడిబారి సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. దీన్నే ఆక్సిడేషన్ అంటారు. ఓనర్ ఫోన్ చేసి "కాస్త మెరుపు తగ్గింది, వ్యాక్స్ వేస్తే చాలు" అంటాడు, ఫొటో కూడా పంపుతాడు. తడిగా ఉన్నప్పుడు తీస్తే ఎంత పాత బోటైనా ఫొటోలో కొత్తగానే కనిపిస్తుంది. కళ్లతో చూడకుండా రేటు మాత్రం చెప్పకండి.

నేనైతే ఎండ ఎక్కువ తగిలే వైపు నల్లగుడ్డతో గట్టిగా ఒకసారి తుడుస్తాను. గుడ్డకి తెల్లపొడి అంటిందంటే అది వ్యాక్స్‌తో తీరే పని కాదు. అక్కడే టేప్‌తో జానెడు గడి కట్టి, ఊల్ ప్యాడ్ మీద కాంపౌండ్ (పైపొరని అరగదీసే పేస్టు) పెట్టి రోటరీ పాలిషర్‌తో కొడతాను. ఒక్కసారికే అందులో మన ముఖం కనిపిస్తే పర్వాలేదు. రెండు మూడు సార్లు కొట్టినా మసకగానే ఉంటే వెట్ శాండింగ్, అంటే నీళ్లతో తడుపుతూ గరుకు కాగితంతో రుద్దడం, తప్పదు, అప్పుడు రేటే వేరు. ఇదంతా ఓనర్ ఎదురుగానే చేయండి. మెరిసే గడిని, పక్కనున్న మిగతా బోటుని చూశాక బేరమాడటం దానంతట అదే తగ్గిపోతుంది.

మా వైపు లెక్క బోటు పొడవుని బట్టి, అడుగు చొప్పున. కడిగి వ్యాక్స్ వేస్తే అడుగుకి 15 నుంచి 20 డాలర్లు, కాంపౌండింగ్ కూడా ఉంటే 25 నుంచి 40. 22 అడుగుల బోటుకి 30 చొప్పున 660 డాలర్లు. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఎండలో రోజున్నర నడుం విరిగే పని అది. హౌస్‌బోట్లకి ఈ లెక్క పనికిరాదు. ఎత్తయిన గోడలు, నిచ్చెనలు, అదంతా విడిగా మాట్లాడుకోవాలి.

లోపలి పని, మిగతా పనుల గురించి రెండు మాటలు. సీట్ల మీద బూజు కనిపించగానే బ్లీచ్ కొట్టేయకండి, కుట్లు పుచ్చిపోతాయి. మ్యాజిక్ ఎరేజర్ వినైల్ పైపొరని అరగదీస్తుంది. నడిచే ఫ్లోర్‌కి మామూలు వ్యాక్స్ వేస్తే ఎవరో ఒకరు జారిపడతారు. పాంటూన్ల (గొట్టాల మీద తేలే చదును బోట్ల) అల్యూమినియం గొట్టాలకి యాసిడ్ క్లీనర్ వాడేటప్పుడు కొంచెం కొంచెంగా వేసి ఆరకముందే కడిగేయాలి, లేదంటే తెల్ల చారలు పడతాయి. గ్లోవ్స్, కళ్లద్దాలు మర్చిపోవద్దు. ఇక కప్పు ఉన్న డాకుల్లో (బోట్లు కట్టేసే చోట్లలో) సాలీళ్లు! రాత్రికి రాత్రే వాటి రెట్ట మచ్చలు పడతాయి, ఎండిపోతే ఓ పట్టాన వదలవు. నెలనెలా కడిగించుకునే కస్టమర్లని నాకు తెచ్చిపెట్టింది ఆ సాలీళ్లేనంటే నమ్మండి.

మెరీనాలోకి, అంటే డాకులన్నీ ఉండే బోట్ల రేవులోకి, అడుగుపెట్టాలంటే ముందు ఇన్సూరెన్స్ కాగితం అడుగుతారు. సాధారణంగా మిలియన్ డాలర్ల లయబిలిటీ (మన వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కట్టే బీమా), అందులో మెరీనా పేరు అడిషనల్ ఇన్సూర్డ్‌గా, అంటే ఆ బీమా వాళ్లకీ వర్తించేలా, ఉండాలి. మీ కార్ల పాలసీ బోట్లకి వర్తిస్తుందో లేదో ఏజెంట్‌ని సూటిగా అడగండి. డాక్ మీద కరెంటుతో మాత్రం ఆటలొద్దు. మంచినీటి చెరువులో కరెంటు లీకైతే ఉప్పునీటిలో కంటే మనిషికి ప్రమాదం ఎక్కువ. జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా వైరు లాగకండి, వీలైతే బ్యాటరీ పాలిషర్ కొనుక్కోండి. కాంపౌండ్, యాసిడ్ పని బోటుని ట్రెయిలర్ మీదికి ఎక్కించాకే చేయండి. మన కమింగ్ కుళాయిల్లో వచ్చేది ఆ చెరువు నీళ్లే కదా.

మీ వీసా సంగతి రాయలేదు. హెచ్1బీ మీద ఉంటే ఇలా సొంతంగా పనిచేసి డబ్బు తీసుకోవడం కుదరదు, క్యాష్ అయినా సరే. కార్ల పని కూడా అంతే. గ్రీన్ కార్డో, మీ పేరు మీద ఈఏడీనో (పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. సందేహముంటే ముందు లాయర్‌ని కలవండి.

కస్టమర్ల కోసం మనవాళ్లని నమ్ముకోకండి. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా వీకెండ్‌కి పాంటూన్ అద్దెకి తీసుకునేవే. ఒక డాక్‌లో ఒక్క బోటు బాగా చేస్తే అటూ ఇటూ ఉన్నవాళ్లే వచ్చి అడుగుతారు. మే చివర్లో మెమోరియల్ డేకి బోటు రెడీగా ఉండాలని అందరికీ తొందర, కాబట్టి మార్చి నుంచే ఫోన్లు మొదలవుతాయి. కానీ ఆ రోజుల్లో పైన్ పుప్పొడి పసుపుపచ్చగా అన్నిటి మీదా పడుతుంటుంది. అప్పుడు కడిగే పనులు, లోపలి పనులు ఒప్పుకుని, వ్యాక్స్ అపాయింట్‌మెంట్లు ఏప్రిల్ సగం దాటాక ఇవ్వండి.