‘తెల్లది’ అనవచ్చా? ఆదరణ, ఆమోదం ఒకటేనా?

సందేహం: అమెరికాలో చదువుకుంటున్నాను. హిప్‌హాప్ (తాళానికి తగ్గట్టు మాటలు గబగబా పలికే ర్యాప్ సంగీతం) మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తూ, “తెల్లవాడైన ఎమినెమ్‌కు దొరికిన ఆదరణ తెల్లది అయిన ఇగ్గీ అజేలియాకు దొరకలేదు” అన్నాను. ‘తెల్లది’ తిట్టులా ఉందని మా రూమ్మేట్ అంటోంది. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేముంది? ‘ఆదరణ’ బదులు ‘ఆమోదం’ అనాలా? ‘నల్లవాళ్లు’ అని రాయవచ్చా?

సమాధానం: మీ రూమ్మేట్ చెప్పింది నిజం, అది తిట్టులాగే ఉంది. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు కూడా. తెలుగులో ఏకవచనంలో ఆడవాళ్లకూ జంతువులకూ వస్తువులకూ క్రియ ఒక్కటే: ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. మహత్తు (మగవాళ్లు), మహతి (ఆడవాళ్లు), అమహత్తు (మిగతావన్నీ) అని మన వ్యాకర్తలు విడదీసి చెప్పింది ఈ సంగతే. బహువచనంలోకి వచ్చేసరికి అదే స్త్రీ మగవాళ్ల పక్కన చేరుతుంది: ఆడవాళ్లు వచ్చారు, ఆవులు వచ్చాయి. క్రియ చివరి ‘ది’ మన చెవులకు అలవాటే, ‘మా అమ్మ వచ్చింది’ అంటే ఎవరూ నొచ్చుకోరు. కానీ పొట్టిది, నల్లది, తెల్లది అని ఆ ‘ది’నే మనిషికి పేరుగా తగిలిస్తే వినేవాళ్లకు సంతలో సరుకును చూపించినట్టు ఉంటుంది. ‘తెల్లవాడు’లో గౌరవం పెద్దగా లేకపోయినా అక్కడ కనీసం ఒక మనిషి కనిపిస్తాడు. కాబట్టి ఇద్దరికీ ‘తెల్లజాతి ర్యాపర్’ అనే రాయండి. ఆయన పాడారు అంటే ఆమె కూడా పాడారు, అతను పాడాడు అంటే ఆమె పాడింది. మగ కళాకారుడికి ‘అన్నారు’ పెట్టి పక్క వాక్యంలోనే ఆడ కళాకారిణికి ‘అంది’ అని రాయడం చాలాచోట్ల చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

తెల్లదొర, దొరసాని అసలే వద్దు. అవి మనల్ని ఏలినవాళ్లకు మనం పెట్టుకున్న మాటలు, డెట్రాయిట్‌లో చేతిలో డబ్బు లేక పెరిగిన ఎమినెమ్‌కు అతకవు.

ఇక ‘నల్లవాళ్లు’. మనకు నలుపు ఒక రంగు. కృష్ణుణ్ణి నల్లనయ్య అని ముద్దుగా పిలుచుకుంటాం, మన ఇళ్లలోనే నల్లగా ఉన్నవాళ్లు ఎంతమందో. అమెరికాలో అదే మాట బానిసత్వాన్నీ, వేరు బడులనూ, వేరు పేటలనూ దాటి వచ్చిన ఒక జనానికి పేరు. అందుకే 2020లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆ జనాన్ని చెప్పేటప్పుడు ‘బ్లాక్’ మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా రాయాలని నిర్ణయించింది, ‘వైట్’కు మాత్రం చిన్నక్షరమే ఉంచింది. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కదా, ఆ పని ‘జాతి’ అనే మాటతోనే చేయించుకోవాలి: నల్లజాతివారు, నల్లజాతి సమాజం. పాత పుస్తకాల్లో కనిపించే ‘నీగ్రో’ ఇప్పుడు రాయకూడదు. పక్కవాళ్లకు తెలుగు రాదు కదా అని అక్కడి మనవాళ్లు కొందరు ‘నల్లోళ్లు’ అనేస్తుంటారు. మాట అర్థం కాకపోయినా ఆ గొంతులో ఉన్నది అర్థమవుతుంది.

మీ అసలు సందేహం ఆదరణ, ఆమోదాల గురించి. ఈ రెండూ ఒకటే అనుకుంటే మీ వ్యాసమే పక్కదారి పడుతుంది. డబ్బు పెట్టి కొని వినేవాళ్లు ఇచ్చేది ఆదరణ, ఆ కళ ఎవరిదో వాళ్లు ఇచ్చేది ఆమోదం. 1973లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, చెల్లెలు సిండీ పెట్టిన పార్టీలో డీజే కూల్ హెర్క్ రికార్డులు తిప్పిన రాత్రినే హిప్‌హాప్ పుట్టిన రోజుగా చెప్పుకుంటారు. దాన్ని పెంచింది అక్కడి నల్లజాతి పిల్లలు, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలు. 1990లో అమెరికాలో పాటల ఆదరణను వారం వారం లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో ఒక ర్యాప్ పాట మొదటిసారి ఒకటో స్థానానికి వెళ్లినప్పుడు, అది పాడింది మాత్రం వెనిల్లా ఐస్ అనే తెల్లజాతి కుర్రాడు. ఆదరణ అంటే అదీ. అతను పెరిగిన వాతావరణం గురించి ప్రచారంలో చెప్పిన కథ నిజం కాదని పత్రికలు బయటపెట్టాక పరువు పోయింది, ఆమోదం దక్కనే లేదు. ఎమినెమ్‌కు రెండూ దొరికాయి. పేరున్న నల్లజాతి ర్యాపర్, నిర్మాత డాక్టర్ డ్రే అండ ఉంది, డెట్రాయిట్ ర్యాప్ పోటీల్లో ఎదురుగా నిలబడి మాటకు మాట చెప్పి నెగ్గిన అనుభవం ఉంది, పాడేది తన సొంత బతుకు, సొంత యాస. నల్లజాతివాడినైతే నా రికార్డులు ఇందులో సగమే అమ్ముడయ్యేవి అని 2002లో తన పాటలోనే ఒప్పుకున్నాడు కూడా.

ఇగ్గీ అజేలియా ఆస్ట్రేలియా అమ్మాయి. 2014లో గాయని చార్లీ ఎక్స్‌సీఎక్స్ తోడుగా ఆమె పాడిన ‘ఫ్యాన్సీ’ 7 వారాలు ఒకటో స్థానంలో ఉంది, కాబట్టి ‘ఆదరణ దొరకలేదు’ అన్న మీ వాక్యం నిజం కాదు. దొరకనిది ఆమోదం. మాట్లాడేటప్పుడు ఆస్ట్రేలియా యాస, పాడేటప్పుడు అమెరికా దక్షిణాది నల్లజాతి యాస, ఇదే చాలామందికి మింగుడుపడలేదు. ఒక యాసలో మాట్లాడటం వేరు, యాస పెట్టుకుని మాట్లాడటం వేరు. శ్రీకాకుళం యాసనో తెలంగాణ యాసనో బయటివాళ్లు సినిమాలో పెట్టుకుని పలికితే ఆ ఊళ్లవాళ్లకు ఎక్కడ గుచ్చుకుంటుందో మనకు తెలియనిది కాదు. పైగా ఆడవాళ్లకు ఆ రంగంలో ఉన్న చోటే ఇరుకు. ఎంసీ లైట్ అనే మహిళా ర్యాపర్ 1988లోనే సొంత ఆల్బమ్ తెచ్చినా, 1998లో లారిన్ హిల్ తర్వాత మరో మహిళా ర్యాపర్ వేరే గాయకుల తోడు లేకుండా హాట్ 100లో ఒకటో స్థానానికి రావడానికి 2017లో కార్డీ బీ దాకా ఆగాల్సి వచ్చింది. అంత ఇరుకు చోటులో తెల్లజాతి అమ్మాయి వచ్చి కూర్చుంటే నల్లజాతి స్త్రీలకు అది తమ వాటా పోయినట్టే అనిపించింది, నాకు వాళ్ల కోపం న్యాయంగానే కనిపిస్తుంది. ఇగ్గీ స్త్రీ కావడం వల్ల ఎక్కువ మాటలు పడిందా అన్నది మీ వ్యాసంలో తప్పకుండా అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఆ నల్లజాతి స్త్రీలను వాక్యంలోంచి జారిపోనివ్వకండి.

ఇంతా చెప్పాక, ‘ఆమోదం’ కూడా నాకు పూర్తిగా నచ్చదు. శాసనసభ బిల్లుకు ఆమోదం తెలిపినట్టు, ఎవరో కాగితం మీద సంతకం పెట్టినట్టు ఉంటుంది. మనకు ఇంతకంటే మంచి సాధనం ఉంది. ఇంగ్లీషులో ‘వి’ (we) ఒక్కటే, మనకు ‘మేము’, ‘మనం’ రెండు. ‘ఇది మా పాట’ అంటే వింటున్న మీరు బయట, ‘ఇది మన పాట’ అంటే మీరూ లోపల. హిప్‌హాప్‌లో తెల్లజాతివాళ్ల గురించి జరిగే గొడవంతా ఆ ‘మా’ ఎప్పుడు, ఎవరి విషయంలో ‘మన’ అవుతుందన్న దాని మీదే. అందుకని ‘కలుపుకోవడం’ అనే మాట వాడమంటాను. మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: “శ్రోతల ఆదరణ ఇద్దరికీ దొరికింది, కానీ హిప్‌హాప్‌ను పెంచిన నల్లజాతి సమాజం ఎమినెమ్‌ను చాలావరకు తనలో కలుపుకుంది, ఇగ్గీ అజేలియాను కలుపుకోలేదు.”